మాట్లాడిన వాళ్ల పేర్లు బోర్డు మీద రాయించకండి

హైదరాబాద్ నగరంలోని హైస్కూళ్ల, జూనియర్ కాలేజీల ప్రిన్సిపాల్ గార్లకు, కరస్పాండెంట్ గార్లకు నమస్కారం.

నేను చైతన్యపురిలో జిరాక్స్ షాపు నడుపుతున్నాను. షాపుకు నాలుగు వైపులా కాలేజీలు, హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలతోనే ముప్పై ఏళ్లుగా నా వ్యాపారం. నేను డాక్టర్ని కాను, పంతుల్ని కాను. ఒకే చోట కూర్చుని ఇన్నేళ్లు పిల్లల్ని చూసినవాణ్ని. ఒక కొడుకున్న తండ్రిని. ఫోన్లకు అలవాటుపడి, నోరు విప్పి మాట్లాడడం తప్పిపోతున్న పిల్లల గురించి మీతో చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. కాస్త పొడుగైనా చివరిదాకా చదవమని అడుగుతున్నాను.

1994లో ఇదే గదిలో ఎస్‌టీడీ బూత్ పెట్టాను. బయట పసుపు రంగు బోర్డు, లోపల అద్దాల క్యాబిన్, ఎర్ర అంకెలు తిరిగే మీటరు. ఆదివారం సాయంత్రమైతే హాస్టల్ పిల్లలు బెంచీ నిండా కూర్చునేవాళ్లు. సూర్యాపేట, మిర్యాలగూడ, ఖమ్మం, అచ్చంపేట అవతల చిన్న చిన్న ఊళ్ల పిల్లలు. ఆ ఊళ్లలో ఫోన్ ఉండేది ఏ ఒకరిద్దరి ఇళ్లలోనో. అవతల ఫోన్ ఎత్తేది తల్లి కాదు, కిరాణా కొట్టాయనో పోస్టుమాస్టరో. వాళ్లతో పిల్లవాడు మర్యాదగా మొదలుపెట్టాలి. "నమస్తే కాకా, నేను ఫలానా వాళ్ల కొడుకుని, హైదరాబాద్ నుంచి మాట్లాడుతున్న. మా అమ్మను జర పిలుస్తరా? పది నిమిషాలాగి మళ్ల చేస్త" అనాలి. ముందు మీటరు తిరుగుతుంటుంది, వెనక బెంచీ మీద నలుగురు వింటుంటారు. పది నిమిషాలాగి మళ్లీ చేసి, ఫీజు డబ్బులు అడగాలి, జ్వరం వచ్చిన సంగతి చెప్పాలి, ఏడుపు వస్తే అమ్మకు తెలియకుండా గొంతు సవరించుకోవాలి. వినకూడదనుకున్నా నాకు అన్నీ వినబడేవి. జూలైలో తడబడుతూ మాట్లాడిన పిల్లవాడు సంక్రాంతి సెలవులకు ముందు "బస్సు టికెట్ నేనే మాట్లాడుకుంట, నువ్వు రాకు నాయినా" అని చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. ఎవరూ వాళ్లకు క్లాసు చెప్పలేదు. అవసరం కొద్దీ వాళ్లే నేర్చుకున్నారు.

తర్వాత బూత్ పోయింది, నెట్ సెంటర్ వచ్చింది. ఆరు కంప్యూటర్లు, ప్లైవుడ్ అరలు. అదీ పోయింది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి ప్రతి చేతిలోకీ ఇంటర్నెట్ వచ్చేశాక నా దగ్గర గంటకు ఇంతని కూర్చునే అవసరం ఎవరికుంటుంది? ఇప్పుడు జిరాక్స్, ప్రింట్లు, లామినేషన్, స్పైరల్ బైండింగ్, అప్లికేషన్లు నింపడం. దాని గురించి నాకు బాధ లేదు. కాలంతోపాటు వ్యాపారం మారుతుంది.

బాధ వేరే ఉంది. కిందటేడు పరీక్షల సీజన్లో ఒక అమ్మాయి వచ్చి కౌంటరు పక్కన నిలబడింది. కాలేజీ బ్యాగు, మెడలో ఐడీ కార్డు. ఎవరి కోసమో చూస్తోందనుకున్నాను. పావుగంట గడిచింది. జనం వస్తున్నారు, పోతున్నారు. చివరికి నేనే "ఏం కావాలి బిడ్డా?" అని అడిగాను. ఆ పిల్ల తలెత్తకుండా ఫోన్ నా వైపు తిప్పింది. పావుగంట కిందటే మా షాపు వాట్సాప్ నంబరుకు ఫైలు పంపింది. కింద "2 కాపీలు, బ్లాక్ అండ్ వైట్" అని రాసింది. నా ముందు, రెండడుగుల దూరంలో నిలబడి, నేను ఆ మెసేజ్ చూస్తానని ఎదురుచూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. టైమైపోతోందని టెన్షన్, నోరు తెరవలేని భయం. ఇలాంటి పిల్లల్ని చూసి "పొగరు, పెద్దలంటే లెక్కలేదు" అంటారు చాలామంది. నేనూ అన్నవాణ్నే. ఆ రోజు నుంచి అనడం మానేశాను. ఆ పిల్లలో పొగరు రవ్వంత కూడా లేదు. నోటితో అడగడం అలవాటు తప్పింది, అంతే.

ఇక నా ఇంటి సంగతి. చెప్పడానికి కష్టంగానే ఉంది. అయినా ఇది చెప్పకుండా మీకు సలహాలిచ్చే హక్కు నాకు లేదు.

మావాడు 2020లో తొమ్మిదో తరగతి. మార్చిలో బడులు మూసేశారు. సెప్టెంబర్ 1 నుంచి రాష్ట్ర ప్రభుత్వ చదువుల చానల్ టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడుల వాళ్లు సొంతంగా ఆన్‌లైన్ క్లాసులు పెట్టారు. అప్పు చేసి వాడికి ఫోన్ కొన్నాను. పొద్దున క్లాసు, మధ్యాహ్నం గ్రూపులో హోంవర్క్, సాయంత్రం గేమ్, రాత్రి రీల్స్. బడి మళ్లీ తెరిచాక క్లాసు ఫోన్లోంచి బయటికి వచ్చింది, మావాడు రాలేదు. పదో తరగతి అయింది, ఇంటర్‌లో చేర్పించాం. రాత్రి రెండున్నరకు లేచి చూస్తే దుప్పటి కింద వెలుతురు. నలుగురితో టీము కట్టి ఆడే గేమ్. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎవరో లక్నో పిల్లవాడితో, పట్నా పిల్లవాడితో హిందీలో గలగలా మాట్లాడేవాడు. మరి మాటలు రావని ఎలా అనుకుంటాం? మేమూ అనుకోలేదు. అన్నం దగ్గర పలకకపోతే అలిగాడనుకున్నాం. చుట్టాలొస్తే గదిలోంచి రాకపోతే చదువుకుంటున్నాడని మేమే చెప్పేవాళ్లం.

2022 డిసెంబర్‌లో ఒక రోజు మా ఆవిడ పుట్టింటికి వెళ్లింది. షాపు పైనే మా ఇల్లు. పొద్దున షుగర్ డౌన్ అయి నేను వంటింట్లో పడిపోయాను. మాట రావట్లేదు గానీ కళ్లకు కనిపిస్తోంది. మావాడు పరుగెత్తుకొచ్చాడు. చేతిలో ఫోన్ ఉంది. 108 వాడికి తెలుసు. నంబరు నొక్కాడు, చెరిపేశాడు. మళ్లీ నొక్కాడు, చెరిపేశాడు. చేతులు వణుకుతున్నాయి. చివరికి స్నేహితుడికి మెసేజ్ పెట్టాడు, "మా డాడీ పడిపోయిండు, ఏం చెయ్యాలె" అని. ఆ స్నేహితుడు దాన్ని చూసేసరికి కొంతసేపు. అతను వాళ్లమ్మకు చూపిస్తే, ఆ తల్లి మా కింది మెడికల్ షాపాయనకు ఫోన్ చేసింది. ఆయన పైకొచ్చి చూసుకున్నాడు. మెట్లకింద మెడికల్ షాపు. ఇరవై మెట్లు దిగి "అన్నా, ఒకసారి రా" అంటే సరిపోయేది.

రెండు రోజులయ్యాక నెమ్మదిగా అడిగాను, ఎందుకు చెయ్యలేదు నాన్నా అని. వాడు చెప్పింది నాకు అక్షరాలా గుర్తుంది. "ఎవరో తెలియనోళ్లు ఎత్తుతరు కద డాడీ. ఏమని మొదలుపెట్టాల్నో తెల్వలే."

ఎస్‌టీడీ బూత్ నడిపిన ఇంట్లో పుట్టిన పిల్లవాడు ఈ మాట అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత వాణ్ని ఒక సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. ఆ మేడమ్ చెప్పినవి, తర్వాత నేను చదివినవి కొన్ని మీకు చెప్పాలి. ఎందుకంటే ఈ విషయంలో మన దగ్గర భయం ఎక్కువ, తెలిసింది తక్కువ.

ఇంటర్నెట్ వ్యసనం అన్న మాటను 1996లో అమెరికా సైకాలజిస్టు కింబర్లీ యంగ్ పరిశోధనలోకి తెచ్చారు. ఆవిడ తయారుచేసిన 20 ప్రశ్నల పరీక్షను ఇప్పటికీ చాలా దేశాల్లో వాడుతున్నారు. అందులో ఒక ప్రశ్న, నలుగురితో కలిసి బయటికి వెళ్లడం కన్నా ఆన్‌లైన్‌లో ఉండడానికే ఎంత తరచుగా ఇష్టపడతావని. ఫోన్ ఎన్ని గంటలు చూస్తావన్నదానికంటే, దేన్ని వదిలేసి చూస్తున్నావన్నది ముఖ్యమని నాకు ఆ ప్రశ్నతోనే అర్థమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చింది. అది 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆటను అదుపు చేసుకోలేకపోవడం, మిగతా పనులన్నిటి కంటే ఆటే ముందుకు రావడం, నష్టం జరుగుతోందని తెలిసినా ఆపలేకపోవడం, ఇది మామూలుగా కనీసం 12 నెలలు కొనసాగడం, ఇవీ లక్షణాలు. సెలవుల్లో నాలుగు రోజులు ఆడిన ప్రతి పిల్లవాడికీ జబ్బు ఉన్నట్టు కాదు. మొహమాటం జబ్బు కాదు. ఈ తేడా తెలియకుండా పిల్లల ముందే "అడిక్ట్ అయ్యాడు" అని ముద్ర వేస్తే వాళ్లు ఇంకా ముడుచుకుపోతారు.

మేడమ్ చెప్పిన వాటిలో నా మనసులో నిలిచిపోయింది ఒకటుంది. నలుగురిలో మాట్లాడాలంటే బెరుకున్న పిల్లలే ఎక్కువగా ఫోన్లోకి వెళ్తారట. అక్కడ ముఖం కనబడదు, గొంతు వినబడదు, రాసింది చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. హాయిగా ఉంటుంది. అలా ఎన్నాళ్లు గడిస్తే బయట మాట్లాడే అలవాటు అంత తగ్గుతుంది. అలవాటు తగ్గితే బెరుకు పెరుగుతుంది. బెరుకు పెరిగితే మళ్లీ ఫోన్. గానుగెద్దులా తిరిగిన చోటే తిరగడం. ఏది ముందు, ఏది వెనక అని వెతికి లాభం లేదు, ఎక్కడో ఒక చోట ఆపాలి అందావిడ.

మావాడు గేమ్‌లో అంత మాట్లాడేవాడు కదా అని అడిగాను. ఆవిడ వాడినే అడిగింది, ఏం మాట్లాడతావని. వాడు చెప్పాడు: అటు పో, ఇటు రా, కవర్ ఇయ్యి, వెనక ఉన్నడు, మెడికిట్ ఉందా. అవి పని మాటలు. అవతలి మనిషి ముఖం చిన్నబోయిందా, ఇప్పుడు ఆగాలా, ఈ మాట ఇంకోలా అనాలా అని చూసుకునే పని అందులో లేదు. తెలియని మనిషిని సాయం అడగడం లేదు. కాదన్నప్పుడు ఏం చెయ్యాలన్నది లేదు. విసుగొస్తే వెళ్లిపోవడమే, ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్‌ల సంగతి మా షాపుకొచ్చే పిల్లలే చెప్పారు. స్ట్రీక్, అంటే ఒక్క రోజు కూడా ఆగకుండా పంపుకునే వరస, తెగిపోకూడదని రోజూ ఒక నల్లటి ఫొటో పంపుకుంటారట, అందులో ఏమీ ఉండదు. మెసేజ్ చూసి జవాబివ్వకపోతే రాత్రంతా టెన్షన్ పడతారట. రోజుకు నలభై మందితో "టచ్‌లో" ఉంటారు, ఒక్కరికి కూడా తమ ఇంట్లో గొడవ సంగతి చెప్పుకోలేరు.

వీటిని తయారుచేసిన వాళ్లు పెద్ద చదువులు చదివినవాళ్లు. వేలితో తోస్తుంటే అడుగు కనబడకుండా వస్తూనే ఉండే పద్ధతిని 2006లో అజా రాస్కిన్ అనే ఆయన రూపొందించారు. తర్వాత దాని గురించి తానే బహిరంగంగా పశ్చాత్తాపపడ్డారు. తర్వాత వచ్చేది బాగుంటుందో లేదో తెలియకపోవడమే మనిషిని కట్టి పడేస్తుంది, లాటరీ టికెట్టు లాగా. పెద్దవాళ్లమే ఆపలేకపోతున్నాం. పదహారేళ్ల పిల్లవాణ్ని "నీకు కంట్రోల్ లేదు" అని తిట్టడం అన్యాయం.

ఇంతవరకూ ఫోన్ తప్పు, నా తప్పు చెప్పాను. ఇక మీ వంతు. కోపంతో రాయడం లేదు, దయచేసి అలా తీసుకోవద్దు.

మన పిల్లలకు మాట్లాడేందుకు చోటు ఎక్కడుంది? మా షాపుకొచ్చే పిల్లల్ని అడిగాను. పొద్దున ఏడున్నరకో ఎనిమిదికో కాలేజీ. మధ్యలో ఇంటర్వెల్ పది నిమిషాలు. లంచ్ ఇరవై నిమిషాలు, అందులోనూ డబ్బా సగం తినేసరికి బెల్లు. సాయంత్రం స్టడీ అవర్. అక్కడ తలెత్తకూడదు. కొన్ని చోట్ల అబ్బాయిలకు ఒక మెట్లదారి, అమ్మాయిలకు ఇంకో మెట్లదారి, ఒకరినొకరు పలకరిస్తే ఇంటికి ఫోన్. నాలుగంతస్తుల భవనం, గ్రౌండు లేదు, పీఈటీ సారు లేరు. టైంటేబుల్లో గేమ్స్ పీరియడ్ ఉంటే దాన్ని మ్యాథ్స్ సారు తీసుకుంటారు. స్కూళ్లలో సారు బయటికి వెళ్తే క్లాస్ లీడర్ లేచి, చాక్‌పీసు పట్టుకుని, మాట్లాడిన వాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తాడు. ఇంకా మాట్లాడితే పేరు పక్కన ఇంటూ మార్కులు. నా చిన్నప్పుడూ ఇలాగే ఉండేది, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు నాలుగు గంటలకు బడి వదిలితే చీకటి పడేదాకా గల్లీ మాది. బోర్డు మీద పేరు పడినా, సాయంత్రం ఆ బాకీ తీర్చుకునేవాళ్లం. ఇప్పుడు గల్లీలో కార్లు. బడిలో మాట్లాడితే తప్పు, బయట మాట్లాడే చోటు లేదు. రాత్రి తొమ్మిదింటికి ఇంటికి చేరిన పిల్లవాడికి నోరు విప్పనక్కర్లేకుండా నలుగురితో ఉండే చోటు ఒక్కటే దొరుకుతోంది. అది చేతిలోనే ఉంది.

తల్లిదండ్రుల మీటింగుల్లో మీరు "ఇంట్లో ఫోన్ ఇవ్వకండి" అంటారు. అదే రోజు రాత్రి తొమ్మిదింపావుకు మీ గ్రూపులో హోంవర్క్ వస్తుంది. మావాడి కాలేజీలోనూ ఇంతే. ఫోన్ లాక్కుంటే "హోంవర్క్ చూడాలె" అంటాడు. ఇస్తే పన్నెండు దాకా తిరిగి రాదు. ఈ ఒక్క విషయంలో తల్లిదండ్రుల్ని ఎంత ఇరకాటంలో పెడుతున్నారో మీకు తెలియదనే అనుకుంటున్నాను. తెలిస్తే మానేసేవారు. పిల్లల చదువుల మీద ప్రథమ్ సంస్థ గ్రామీణ ప్రాంతాల్లో చేసిన అసర్ 2024 సర్వేలో, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన 14–16 ఏళ్ల పిల్లల్లో సర్వేకు ముందు వారంలో చదువు పనికి వాడినవాళ్లు సుమారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు సుమారు 76 శాతం అని తేలింది. పల్లెల్లోనే ఇలా ఉంటే మన పట్నంలో ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. చదువు కోసమని ఇచ్చిన ఫోన్ చదువు దగ్గరే ఆగదు.

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. హోంవర్క్‌ను మళ్లీ డైరీలో రాయించండి. రాసుకోని పిల్లవాడు సాయంత్రం స్నేహితుడి ఇంటికి వెళ్లో, ఫోన్ చేసో "ఏం ఇచ్చిండ్రా సార్?" అని అడుగుతాడు. అడగనివ్వండి. లంచ్ టైము ముప్పావు గంట చెయ్యండి. ఆ ముప్పావు గంటలో వరండాలో నిలబడి "సైలెన్స్" అనే మనిషి ఉండకూడదు. గోల అవుతుంది. అరుచుకుంటారు, అలుగుతారు, ఒకడి డబ్బాలో ఇంకొకడు చెయ్యి పెడతాడు. అలిగిన వాడితో మళ్లీ కలవాలంటే ఏం చెయ్యాలో ఆ గోలలోనే తెలుస్తుంది. సెలవు కావాలంటే తల్లిదండ్రులతో మెసేజ్ పెట్టించకుండా, పిల్లల్నే మీ గదిలోకి వచ్చి నిలబడి అడగమనండి. అడిగేటప్పుడు తడబడతారు. రెండు నిమిషాలు ఓపిక పట్టండి, మాట వాళ్ల నోట్లోంచి లాక్కోకండి. ఆఫీసులో ఒక ల్యాండ్‌లైన్ పెట్టి, ఇంటికి చెప్పాల్సిన సంగతి వాళ్లతోనే చెప్పించండి. 108కి, 112కి ఎలా మాట్లాడాలో ఏడాదికి ఒకసారి ప్రతి క్లాసులోనూ మాటలు పలికించి నేర్పండి. పేరు, చోటు, దగ్గర్లో గుర్తు, ఏం జరిగింది, ఇంతే. పది నిమిషాల పని. మావాడికి ఎవరైనా ఒకసారి నేర్పి ఉంటే ఆ రోజు నేను ఇరవై నిమిషాలు నేల మీద ఉండేవాణ్ని కాదు. ఆ తప్పు ముందు నాదే, నేనే నేర్పలేదు.

"ఫోన్లు పూర్తిగా నిషేధిస్తే పోదా?" అని మీలో కొందరు అడుగుతారు. బడి గంటల్లో ఫోన్ వద్దన్నదానికి నేను పూర్తిగా మీ వైపే. ఫ్రాన్స్‌లో 2018 నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు బడిలో ఫోన్ లేదు. ఆస్ట్రేలియాలో పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న చట్టం 2025 డిసెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ దక్షిణ కొరియా సంగతి కూడా చూడండి. అక్కడ 2011లో, పదహారేళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరింటిదాకా ఆన్‌లైన్ గేమ్స్ ఆడకూడదని చట్టం తెచ్చారు. పదేళ్ల తర్వాత, 2021లో దాన్ని ఎత్తేయాలని నిర్ణయించారు. ఈలోపు పిల్లలు కంప్యూటర్ల నుంచి ఫోన్లకు మారిపోయారు. తలుపు మూస్తే కిటికీ వెతుక్కుంటారు. ఫోన్ తీసేసుకున్న గంటలో ఏం పెడతామన్నది అసలు ప్రశ్న. ఆ గంటలో మళ్లీ స్టడీ అవరే పెడితే పిల్లవాడికి దక్కేదేమీ లేదు.

అమెరికాలో కాలిఫోర్నియాలో జరిగిన ఒక చిన్న పరిశోధన గురించి చదివాను. 2014లో ప్రచురించారు. ఆరో తరగతి పిల్లలు యాభై మందిని అయిదు రోజులు ఫోన్, టీవీ ఏమీ లేని క్యాంపుకు తీసుకెళ్లారు. క్యాంపు ముగిశాక ముఖాలు చూసి ఎదుటివాళ్ల మనసులో ఏముందో చెప్పడంలో, రోజూలాగే బడికి వెళ్లిన పిల్లలకంటే వీళ్లు ఎక్కువ మెరుగుపడ్డారు. ఫోన్ లేకపోవడం వల్లా, రోజంతా నలుగురూ కలిసి ఉండడం వల్లా అన్నది ఆ పరిశోధనతో తేలదు. నాకు మాత్రం రెండూ ఒకటే పని చేశాయనిపిస్తుంది. అయిదు రోజులండీ. మన పిల్లలకు దసరా సెలవులే దానికి రెండింతలు ఉంటాయి, ఆ సెలవుల్లోనూ స్పెషల్ క్లాసులు పెట్టకపోతే.

పండగలంటే గుర్తొచ్చింది. మా గల్లీలో వినాయక చవితికి చందాలు వసూలు చేసేది పిల్లలే. చేతిలో రసీదు పుస్తకం, ముందు ఒక పెద్దపిల్లవాడు, వెనక ఏడెనిమిది మంది. ప్రతి తలుపూ కొట్టాలి. ఒకరు ఐదొందలు రాయిస్తారు, ఒకరు "నిరుడు లెక్క చెప్పలే" అని నిలదీస్తారు, ఒకరు తలుపు తియ్యరు. లెక్క చెప్పాలి, బతిమాలాలి, పదకొండు రూపాయలిచ్చినా దండం పెట్టి రావాలి. మావాడు చిన్నప్పుడు రెండేళ్లు తిరిగాడు. ఇప్పుడు కమిటీ వాళ్లు గ్రూపులో క్యూఆర్ కోడ్ పెడుతున్నారు. డబ్బులు త్వరగానే వస్తున్నాయి. ఏ పిల్లవాడూ ఏ గడపా తొక్కడం లేదు. కిందటేడు కమిటీ పెద్దలతో మాట్లాడి, మా ఒక్క గల్లీ వరకు మళ్లీ రసీదు పుస్తకం ఇప్పించాను. మొదటి రోజు పిల్లలు గేటు దగ్గర నిలబడి "నువ్వడుగు, నువ్వడుగు" అని ఒకరినొకరు తోసుకున్నారు. మూడో రోజుకు మా మేడ మీద ఉండే రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగితో అరగంట బేరమాడి, వెయ్యి రాయించుకుని వచ్చారు. బతుకమ్మ ఆడేటప్పుడు చూడండి, ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాలి, ఎప్పుడు అందుకోవాలో పక్కామె ముఖం చూసి తెలుసుకోవాలి. మీ ఆవరణలో ఒక్క రోజు ఫొటోల కోసం ఆడించే బతుకమ్మ చాలదు. పూలు ఏరడం దగ్గర్నుంచి పిల్లలకే వదిలెయ్యండి.

కొంతమంది పిల్లలకు ఇవేవీ చాలవు. నిద్ర లేక, తిండి లేక, చదువు మానేసి, ఫోన్ తీస్తే చెయ్యి చేసుకునేదాకా వెళ్లిన పిల్లలున్నారు. వాళ్లను తిట్టి, టీసీ ఇచ్చి పంపించకండి. బెంగళూరులోని కేంద్ర మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో దీనికోసమే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో వైద్యులున్నారు. మానసిక ఇబ్బందులకు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు మీ నోటీస్ బోర్డు మీద అంటించండి. కానీ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, తెలియని వాళ్లకు ఫోన్ చెయ్యలేకే మావాడు ఆ రోజు నిలబడిపోయాడు. అలాంటి పిల్లవాడికి నంబరు చూపించి ఊరుకుంటే లాభం లేదు. పక్కన కూర్చుని, మొదటి రెండు మాటలు మీరు మాట్లాడి, ఫోన్ వాడి చేతికి ఇవ్వండి.

మావాడి గురించి చెప్పి ఆపుతాను. మేడమ్ సలహాతో ఫోన్ లాక్కోలేదు. రాత్రి పదింటికి ముగ్గురి ఫోన్లూ, నాదీ మా ఆవిడదీ కూడా, హాల్లో చార్జింగ్‌కు పెట్టేస్తున్నాం. మొదటి నెల ఇంట్లో రోజూ గొడవే. సాయంత్రం రెండు గంటలు వాణ్ని షాపులో కూర్చోబెట్టాను. కౌంటరు వెనక కాదు, ముందు. వచ్చినవాళ్లను "ఏం కావాలి?" అని అడగడమే పని. పది రోజుల దాకా గొంతు బయటికి రాలేదు. ఒకసారి ఒక పెద్దాయన పింఛను కాగితాలు తప్పు ప్రింటు తీశాడని వీడి మీద అరిచాడు. వీడు గదిలోకి పారిపోతాడనుకున్నాను. నిలబడ్డాడు. "సారీ తాతా, నేనే మళ్ల తీసిస్త" అన్నాడు. ఆ పెద్దాయన ఇప్పుడు వీడి కోసమే మా షాపుకొస్తాడు. మావాడు డిగ్రీ రెండో సంవత్సరం. ఇప్పటికీ గేమ్ ఆడతాడు, గంటన్నర. ఇప్పటికీ తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఒక్క క్షణం ఆగుతాడు. తర్వాత ఎత్తుతాడు.

జూన్‌లో మళ్లీ బడులు, కాలేజీలు తెరుస్తారు. కొత్త టైంటేబుల్ వేసే ముందు మీలో ఏ ఒక్కరైనా లంచ్ పక్కన ముప్పావు గంట అని రాస్తే, పిల్లల డైరీలు, నోటీసులు ఏవైనా నేను ఉచితంగా ప్రింటు తీసిస్తాను. ఈ లేఖకు జవాబు రాయనక్కర్లేదు. మెసేజ్ కూడా వద్దు. వచ్చి మాట్లాడండి. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా షాపులోనే ఉంటాను, టీ తాగుతూ మాట్లాడుకుందాం.

నమస్కారాలతో,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
చైతన్యపురి, హైదరాబాద్